మెట్లు దిగలేని మీ చిన్న మామయ్య గురించి

చిట్టీ, బుజ్జీ,

మీ అమ్మ ఫోన్లో మీ ప్రశ్న చెప్పింది. వైజాగ్‌లో మామయ్యలిద్దరూ 21 కిలోమీటర్లు పరిగెత్తారు, ఆర్నెల్లు కలిసే ప్రాక్టీస్ చేశారు, ఇద్దరూ మా పిల్లలే, మరి మర్నాడు పెద్దాడు దర్జాగా ఇడ్లీకి వెళ్ళొస్తే చిన్నాడు డాబా మెట్లు రెయిలింగ్ పట్టుకుని వెనక్కి తిరిగి దిగడమేంటని. ఫోన్లో తేలేది కాదు, అందుకే ఉత్తరం.

నా చిన్నప్పుడు, 1960ల్లో, మన కాలవలో ధాన్యం పడవలు తిరిగేవి, గాలి లేకపోతే మనుషులు కొబ్బరి పీచు తాడు భుజానికేసుకుని గట్టెంట లాగేవాళ్ళు. లాగేటప్పుడే తాడు పాడవుద్దని నేననుకునేవాణ్ణి. కాదు. లాకుల దగ్గర పడవ నీళ్ళలో కొట్టుకుపోతుంటే గుంజకి రెండు చుట్లేసి, బిగబట్టి కొంచెం కొంచెం వదులుతారే, అప్పుడు లేచిపోద్ది పీచు. ఓసారి బడి ఎగ్గొట్టి నేనూ పట్టుకుంటానని పోయి అరచేతులు చీరుకుపోయాయి, మా అమ్మ పసుపు రాసింది, ముందు వీపు మీద రెండిచ్చింది.

కండా అంతే. మన ఊళ్ళో అంతా చదునే గానీ వైజాగ్‌లో అన్నీ ఎత్తుపల్లాలు కదా, పల్లంలో దిగేటప్పుడు తొడ కండ సాగుతూనే ఒంటిని ఆపాలి, అదే పడవని ఆపే తాడు. కండలో పోగులు వరసగా ముక్కలు ముక్కలుగా కలిపి కట్టుంటాయి, ఆ ముడులకి వాడే దారాల్లో ఒకటి ఆల్ఫా ఆక్టినిన్-3, జోరుగా పనిచేసే పోగుల్లో ఉంటుంది. అది నేయించే జీన్ పేరు ఏసీటీఎన్3. అమ్మ నుంచి ఒకటి, నాన్న నుంచి ఒకటి వస్తాయి. ప్రపంచంలో దాదాపు ఐదుగురిలో ఒకరికి రెండూ పనిచెయ్యవు, ఆ దారమే ఉండదు, అయినా రోగం కాదు, దాని చుట్టం ఆక్టినిన్-2 ఆ పని చూసుకుంటుంది.

నాకూ మీ అమ్మమ్మకీ చెరో మంచిదీ చెరో చెడ్డదీ ఉన్నాయనుకోండి, పెద్దాడికి రెండూ మంచివి, చిన్నాడికి రెండూ చెడ్డవి పడొచ్చు. అదే జరిగిందో లేదో టెస్టు చేయించలేదు, చేయించను కూడా, ఎందుకంటే ఇలాంటి జీన్లు ఇంకా బోలెడున్నాయి, ఒక్కదాని మీద నేరం మోపకూడదు. కానీ స్పెయిన్‌లో మారథాన్ పరిగెత్తినవాళ్ళ రక్తం చూస్తే ఒక్క చెడ్డ కాపీ ఉన్నా క్రియాటిన్ కైనేజ్ ఎక్కువ కనపడిందంట. కండ గోడ చిరిగితే రక్తంలోకి కారేది అదే, బస్తా చిరిగితే గింజలు రాలినట్టు.

ఇంకో తమాషా వినండి, ఆ దారం లేనివాళ్ళు చలికి బాగా తట్టుకుంటారంట! అందుకే వాణ్ణి చూసి నవ్వకండి, వాడికీ ఆ దారం లేకపోయినా మన గోదావరి జిల్లా ఎండల్లో పాపం ఆ లాభం కూడా దక్కదు. పైగా ఒకసారి చితికిన కండ తర్వాతిసారి అంత చితకదు, వచ్చేసారి తక్కువే మూలుగుతాడు. కానీ మూత్రం ముదురు కోలా రంగులో వస్తే మాత్రం ఆలోచించకుండా డాక్టరు దగ్గరికి పరిగెత్తమనండి, అది కిడ్నీల గొడవ.

మిగతాదంతా నాకూ ఆశ్చర్యమే, పీచు లాంటి ముడులమీద మనిషి 42 కిలోమీటర్లు పరిగెత్తడం. సెలవులకి రండి, అంబాజీపేటలో కొబ్బరి తాడు పేనడం చూపిస్తా. ఈలోగా ఓ పని చెయ్యండి: మామయ్య మెట్లెక్కేటప్పుడు ఎక్కువ మూలుగుతున్నాడో, దిగేటప్పుడో లెక్కపెట్టి నాకు రాయండి.

మీ తాతయ్య