కారును వెనక్కి లాగే ఖాళీ

మా మేనల్లుడు బరంపురం నుంచి విశాఖకు కిరాయి కారు తిప్పుతాడు. పోయిన వారం ఫోన్లో ఒక వీడియో తెచ్చి చూపించాడు. ఎవరో కారు బానెట్‌కు అట్టతో కోసుగా ముక్కు చేసి అతికించాడు, అచ్చం రాకెట్టే. "మావయ్యా, ఇలా పెడితే లీటరుకు 5 కిలోమీటర్లు ఎక్కువ వస్తుందట, నిజమేనా?" అన్నాడు.

"ముక్కు సంగతి తర్వాత, ముందు నీ కారు తోక చూపించరా" అన్నాను. హ్యాచ్‌బ్యాక్‌కు తోక ఎక్కడిది అని నవ్వాడు. చిక్కంతా అక్కడే ఉంది.

కొంచెం లెక్క తప్పదు. మనుషులతో కలిపి 1000 కేజీల చిన్న కారు అనుకుందాం. టైర్లు రోడ్డు మీద దొర్లడానికి పట్టే బలం దాదాపు 120 న్యూటన్లు (పది న్యూటన్లంటే దాదాపు ఒక కేజీ బరువు), వేగం పెరిగినా ఇది పెద్దగా మారదు. గాలి అలా కాదు. గంటకు 40 కిలోమీటర్ల దగ్గర 50 న్యూటన్లతో అడ్డుకునే గాలి, 80 దగ్గర 200తో, 100 దగ్గర 310తో అడ్డుకుంటుంది. వేగం రెట్టింపైతే అడ్డు నాలుగు రెట్లు. 60 దాటాక చక్రాలకు అందే శక్తిలో ఎక్కువ భాగం గాలిని తోయడానికే పోతుంది. అందుకే బరంపురం బజారులో తిరిగే కారుకు ఏ ముక్కు పెట్టినా పైసా కలిసిరాదు, ఈ చర్చంతా హైవే మీదే.

మా ప్లస్ టూ పిల్లలకు ఈ సంగతి చెబితే నమ్మరు. వాళ్లు చదివింది స్టోక్స్ సూత్రం, దాంట్లో అడ్డు వేగానికి అనుపాతం, వర్గానికి కాదు. ఆముదంలో ఉక్కు గోళీ మెల్లగా దిగేటప్పుడు అదే నిజం. అది వర్తించాలంటే రేనాల్డ్స్ సంఖ్య, అంటే ప్రవాహం ఊపుకూ జిగటకూ ఉన్న నిష్పత్తి, ఒకటికి లోపు ఉండాలి, హైవే మీద కారుకు అది 50 లక్షలు. ఏళ్ల తరబడి ఆ గోళీ లెక్కలే చేయించాను. కారు కిటికీలోంచి చెయ్యి బయట పెట్టి చూడమని ఒక్కరికీ చెప్పలేదు. సరే, అయిపోయింది.

ఇప్పుడు ముక్కూ తోకా. దీనికి మా ఊరి ఠాకురాణి యాత్ర కంటే మంచి పోలిక నాకు దొరకలేదు. రెండేళ్లకోసారి ఎండాకాలంలో జరుగుతుంది. రాత్రిపూట ఘటాలు వీధుల్లో తిరుగుతాయి. జనం ఎంత కిక్కిరిసి ఉన్నా ఘటాలు ఆగవు, ఎందుకంటే ముందు డప్పులు మోగుతాయి. డప్పు వినగానే జనం ముందే గోడ వారకు జరుగుతారు. ఘటం వచ్చేసరికి దారి సిద్ధం.

గాలికీ డప్పు ఉంది. కారు ముందున్న గాలి నొక్కుకుంటే ఆ కబురు ధ్వని వేగంతో ముందుకు పోతుంది. మన ఎండల్లో అది సెకనుకు 350 మీటర్లు. 80లో పోయే కారు సెకనుకు 22 మీటర్లు. అంటే కారు కంటే కబురు పదిహేను రెట్లు ముందుంటుంది. ఎదర ఉన్న గాలి కారు తగలకముందే పైకీ పక్కలకీ జరగడం మొదలుపెడుతుంది. ముక్కు కోసుగా ఉండనక్కర్లేదు, అంచులు గుండ్రంగా ఉంటే చాలు. ఆ గుండ్రటి అంచుల చుట్టూ గాలి వేగంగా వంగి పోయేటప్పుడు అక్కడ పీడనం పడిపోయి, ఆ అంచులు కారును ముందుకే లాగుతాయి. నడి ముక్కు మీద పడే ఒత్తిడిలో చాలా భాగం ఇలా చెల్లుకు చెల్లు అయిపోతుంది. రాకెట్ ముక్కు ధ్వని కంటే వేగంగా పోయే వాటికి, డప్పు కంటే ముందే ఘటం వచ్చేసే చోట.

ఘటాలు దాటిపోయాక ఏమవుతుంది? వెనక కాసేపు రోడ్డు ఖాళీగా ఉంటుంది. "ఇక రండి" అని మోగే డప్పు లేదని కాదు, కబురు వెనక్కీ వెళ్తుంది. కానీ గోడ వారన ఒరుసుకుంటూ నడిచినవాళ్లకు కాళ్లు లాగేసి ఉంటాయి. కారు ఒంటిని రాసుకుంటూ వచ్చిన పలచని గాలి పొర అలాంటిదే, రాపిడిలో ఊపు పోగొట్టుకుని ఉంటుంది. దాని ముందు ఇప్పుడొక ఎత్తు: తక్కువ పీడనం నుంచి ఎక్కువ పీడనంలోకి ఎక్కాలి. వాలు మెల్లగా ఉంటే పక్కవాళ్లు ఈడ్చుకుపోతే ఎక్కుతుంది. కారు వెనక హఠాత్తుగా నిలువు గోడలా తెగిపోతే ఎక్కలేదు. ఒంటిని వదిలేసి సుడులు తిరుగుతూ ఉండిపోతుంది.

ఖాళీ అన్నానని శూన్యం అనుకోకండి. పోలిక ఇక్కడ తెగుతుంది. గాలి అణువులు సగటున ధ్వని కంటే వేగంగానే పరుగెత్తుతుంటాయి, నిజమైన ఖాళీని ఉండనివ్వవు. కారు వెనక తగ్గే పీడనం సుమారు 60 పాస్కళ్లు, వాతావరణ పీడనంలో వెయ్యో వంతు కూడా కాదు, 6 మిల్లీమీటర్ల ఎత్తు నీళ్లంత. కానీ కారు వెనక ముఖం 2 చదరపు మీటర్లు. గుణిస్తే 120 న్యూటన్లు. 200లో 120! డిక్కీకి తాడు కట్టి, కప్పీ మీదుగా 12 కేజీల బియ్యం మూట వేలాడదీసి, విశాఖ దాకా దాన్ని లాక్కుపోతున్నట్టు.

ఈ మూట బరువు తగ్గించిన కథల్లో నాకు నచ్చింది 1970ల నాటిది. కాలిఫోర్నియా ఎడారిలో ఎడ్వర్డ్స్ వైమానిక స్థావరం దగ్గరి నాసా కేంద్రంలో ఎడ్విన్ సాల్ట్జ్‌మన్ అనే ఇంజనీరు సైకిల్ మీద పనికి వెళ్లేవాడు. లారీ పక్క నుంచి పోతే మొదట ఒక తోపు, తర్వాత ఒక లాగుడు. మనమూ హైవే పక్కన ఈ లాగుడు ఎరుగుదుం, ఆయన మటుకు దాన్ని కొలవాలనుకున్నాడు. ఒక పాత వ్యాన్‌కు చుట్టూ అల్యూమినియం రేకు బిగించి చెప్పుల డబ్బాలా చేశారు. నిలువు మూలలు గుండ్రం చేస్తే అడ్డు 40 శాతం తగ్గింది. అడ్డ మూలలు కూడా గుండ్రం చేస్తే 54 శాతం. లోపలి చోటు పోయింది 3 శాతమే. పడవ వెనక భాగంలా సన్నబడే తోక తగిలిస్తే ఇంకో 15 శాతం. నేటి కార్లు ఆ గుండ్రటి మూలలతోనే పుడతాయి, మొదటి లాభానికి డబ్బు మీరు షోరూములో ఎప్పుడో కట్టేశారు. చేత్తో చేసుకోవడానికి మిగిలింది తోకే.

తోక ఎంత వాలుగా ఉండాలి? 1984లో జర్మనీలో ఎస్.ఆర్. అహ్మద్, ఆయన సహచరులు మీటరు పొడవున్న ఇటుకలాంటి నమూనా మీద వెనక పై వాలు మారుస్తూ కొలిచారు. 12.5 డిగ్రీల దగ్గర అడ్డు అతి తక్కువ. అక్కణ్నుంచి పెరుగుతూ 30 దగ్గర శిఖరానికి చేరి, దాటగానే ఒక్కసారిగా కింద పడింది. ఈ వింతకు కారణం పక్క అంచుల నుంచి లేచే రెండు పొడవాటి సుడులు. అవి వాలు మీద పీడనాన్ని పీల్చేస్తాయి. 30 దాటితే గాలి మొత్తంగా విడిపోయి ఆ సుడులు తేలిపోతాయి. స్టైలుగా ఉందని కంటికి నచ్చిన వాలు పెడితే ఉన్నది కూడా పోగొట్టుకోవచ్చని దీన్నిబట్టి తెలుస్తుంది.

ఇంకో లెక్క. 1.4 మీటర్ల ఎత్తున్న కారు వెనక పైనుంచీ కిందనుంచీ 12 డిగ్రీల చొప్పున మూసుకుంటూ పోతే తోక పొడవు 3.3 మీటర్లు. కారెంతో తోకంత! 1930ల్లోనే వునిబాల్డ్ కామ్ అనే జర్మన్ ఇంజనీరు దీనికి విరుగుడు చెప్పాడు: తోక మొదలుపెట్టి మధ్యలో నిటారుగా కోసెయ్యండి, లాభంలో ఎక్కువ భాగం మొదటి ముక్కలోనే ఉంది అని.

మా వాడికి కళ్లు మెరిశాయి. ఎన్నికల తర్వాత వీధిలో పడి ఉండే సన్‌ప్యాక్ షీట్లు, రివెట్లు, టేపు, ఒక్క ఆదివారం చాలన్నాడు. ఆపాను. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ఉంది, కంపెనీ ఇచ్చిన రూపాన్ని ఇష్టం వచ్చినట్టు మార్చకూడదని 2019లో సుప్రీంకోర్టు కూడా గట్టిగా చెప్పింది. వెనక లైట్లు, నంబరు ప్లేటు కనపడని కారును ఇచ్ఛాపురం దాటకముందే ఆపుతారు. పైగా కిరాయి బండి.

నేను ఆపడానికి సొంత కారణం ఒకటుంది. కొన్నేళ్ల కిందట నేనూ సన్‌ప్యాక్ షీటుతోనే గ్రిల్ మూసేశాను. ఇంజన్ గదిలోకి దూరే గాలి లోపల కొట్టుకుని ఊపు పోగొట్టుకుంటుంది, దాన్ని బయటే పక్కకు పంపాలని. సూత్రం తప్పు కాదు, చాలా కొత్త కార్లలో అవసరాన్నిబట్టి మూసుకునే రెక్కలే ఉంటాయి. నా షీటుకు ఆ తెలివి లేదు. మే నెలలో పర్లాకిమిడి వెళ్దామని బయల్దేరాం. తప్తపాణి ఘాటీలో సెకండ్ గేరులో ఎక్కుతుంటే సూది ఎర్ర గీత ముట్టుకుంది. వేడినీటి ఊటకు పేరుపడ్డ చోట రేడియేటర్ నీళ్లు మరిగించిన ఘనత నాది. మా ఆవిడ ఇప్పటికీ ఆ కథ చుట్టాలందరికీ చెబుతుంది. ఘాటీలో గాలి అడ్డు అసలు లెక్కలోకే రాదు, వేగం 30 కదా, అదింకా అవమానం.

మరి వాడేం చెయ్యాలి? పెట్టడం కంటే తీయడం మేలు. కారు పైన ఏడాదంతా ఖాళీగా ఊరేగే క్యారియర్ తీసెయ్యాలి. ముందున్న ఇనుప గార్డు పీకెయ్యాలి, దానిమీద 2017 డిసెంబర్ నుంచి కేంద్రం నిషేధం కూడా ఉంది. "బంపర్ కింద కట్టిన నిమ్మకాయా మిరపకాయలూ?" అని అడిగాడు. లెక్కేశాను, మొత్తం అడ్డులో అర శాతం కూడా కాదు. ఉండనీ, మీ అమ్మతో గొడవకు అంతకంటే ఎక్కువ ఖర్చవుతుందన్నాను. పెట్రోలు పైపుకు బిగించిన అయస్కాంతం మాత్రం తీయించాను. దిష్టికి కట్టిన నిమ్మకాయ మైలేజీ ఇస్తానని చెప్పదు. అయస్కాంతం అమ్మినవాడు చెప్పాడు.

ఫలితం తెలుసుకోవడం ఇంకో తలనొప్పి. మన తీరంలో ఎండాకాలమంతా నైరుతి గాలి. విశాఖ వెళ్లేటప్పుడు ఎదురు, వచ్చేటప్పుడు వెన్నుదన్ను. గంటకు 20 కిలోమీటర్ల గాలి ఉంటే 80లో పోయే కారుకు వెళ్లేటప్పుడు గాలి అడ్డు 56 శాతం పెరుగుతుంది, వచ్చేటప్పుడు 44 శాతం తగ్గుతుంది. రెండూ కలిపినా సగటున 6 శాతం నష్టమే. ఈ తేడాల్లో క్యారియర్ లాభం కొట్టుకుపోతుంది. ఒక ట్రిప్పు మైలేజీ చూసి ఎవరేం చెప్పినా నమ్మొద్దు.

నాసావాళ్ల పద్ధతే వాడాలి. గాలి లేని తెల్లవారుజామున, వాహనాలు లేని సమమైన రోడ్డు మీద 80 దాటాక న్యూట్రల్ చేసి, 80 నుంచి 70కి పడడానికి ఎన్ని సెకన్లో చూడాలి. ఇంజన్ ఆపకూడదు, ఆపితే బ్రేకు పెడల్ గట్టిపడుతుంది, స్టీరింగ్ బరువెక్కుతుంది. మన కారుకు దాదాపు 9.5 సెకన్లు రావాలి. గాలి అడ్డు 10 శాతం తగ్గితే 10.1. తేడా అర సెకను పైచిలుకు. కిలోమీటరుకు ఒక్క మీటరు వాలున్నా 10 న్యూటన్లు కలుస్తాయి, కాబట్టి అటు నాలుగుసార్లు, ఇటు నాలుగుసార్లు.

క్యారియర్‌తో ఎనిమిది, తీసేసి ఎనిమిది. ఆదివారం నాలుగున్నరకు వస్తానన్నాడు, స్టాప్‌వాచ్ పట్టుకోవడం నా వంతు. అట్ట ముక్కు కూడా ఒకటి చేసి తెస్తాడట, అదీ కొలిచి చూద్దాం మావయ్యా అంటున్నాడు.