పెన్సిల్ ముక్క, తువ్వాలు

విశాఖపట్నం

చిట్టికి, బుజ్జిగాడికి అమ్మమ్మ ఆశీస్సులు.

వేసవి సెలవుల్లో మా హాల్లో కూర్చుని 'క్లూలెస్' సినిమా చూస్తుంటే చిట్టి ఓ మాటంది గుర్తుందా? "ఇందులో నవలేముంది అమ్మమ్మా, అంతా షాపింగే!" ఆర్కే బీచికి పొద్దుపోతోందని మీరు చెప్పుల కోసం పరుగెత్తారు. నా జవాబు నోట్లోనే ఉండిపోయింది.

జేన్ ఆస్టెన్ 'ఎమ్మా' 1815 డిసెంబరులో వచ్చింది. దర్శకురాలు ఎమీ హెకర్లింగ్ 1995లో 'క్లూలెస్' తీస్తూ ఆ ఇంగ్లండు పల్లెటూరి కథని బెవర్లీ హిల్స్ హైస్కూల్లో పెట్టింది. గుర్రబ్బళ్లు పోయి కార్లొచ్చాయి. జబ్బు మాత్రం మారలేదు. నవల్లో ఎమ్మాకైనా, సినిమాలో ఆమె స్థానంలో ఉన్న షెర్‌కైనా ఊళ్లోవాళ్ల మనసులన్నీ తెలుసనే ధీమా, తన మనసు సంగతి మాత్రం చివరిదాకా తెలీదు.

నవలలో ఎమ్మా తన స్నేహితురాలు హారియెట్ బొమ్మ గీస్తుంది. ఊరి పాదిరి ఎల్టన్ దాన్ని ఫ్రేము కట్టించడానికి తనే లండన్ పట్టుకెళ్తాడు. ఇంకేముంది, వీళ్లిద్దరికీ కుదిరిపోయిందని ఎమ్మా మురిసిపోతుంది. అతని కన్నేమో బొమ్మ గీసినమ్మాయి మీద! సినిమాలో బొమ్మ బదులు ఫొటో. అందులో ఉన్నది షెర్ స్నేహితురాలు టై అనే అమ్మాయి, తీసింది షెర్. సినిమాలో ఎల్టన్ స్కూలు కుర్రాడు, అతను దాన్ని లాకర్లో పెట్టుకున్నాడని షెర్ కూడా అలాగే పొంగిపోయింది.

నాకు మింగుడుపడనిది ఒక్కటే, వరస. చివరికి ఎమ్మా పెళ్లాడే నైట్లీ ఆమెకి అక్కమొగుడి అన్న, అంటే మన లెక్కలో బావే. 16 ఏళ్ల తేడా ఉందనుకోండి, అది వేరే సంగతి. సినిమాలో షెర్ ప్రేమించే జాష్ ఆమె నాన్నగారి మాజీ భార్య కొడుకు. మా అక్క చూసుంటే టీవీ కట్టేసేది.

అసలు నేను చెప్పాలనుకున్నది 40వ అధ్యాయం గురించి. ఎల్టన్ మీద ఆశ వదులుకున్నాక హారియెట్ ఓ చిన్న పెట్టె తెస్తుంది. దూది పరిచిన ఆ పెట్టెలో ఓ ప్లాస్టరు ముక్క, అరిగిపోయిన పెన్సిల్ ముక్క. అతని వేలు తెగినప్పుడు ఈమె కత్తిరించిచ్చిన ప్లాస్టరు పెద్దదైందట. అందులోంచి తీసేసిన ముక్క అది, అతని వేలికి అంటుకున్నది కూడా కాదు! ఆ రెండూ ఎమ్మా కళ్లముందే మంటలో వేసేస్తుంది. సినిమాలో టై కూడా ఓ తువ్వాలు, ఓ పాటల క్యాసెట్టు కాల్చేస్తుంది. పార్టీలో తలకి చెప్పు తగిలినప్పుడు ఎల్టన్ ఐసు పెట్టిన తువ్వాలది. హెకర్లింగ్ ఊరు మార్చింది, బట్టలు మార్చింది, ఆ పెట్టెని మాత్రం పారెయ్యలేకపోయింది. నవల అక్కడుంది చిట్టీ.

మేం మహారాణిపేటలో అద్దెకున్నప్పుడు మా అక్క దగ్గరా ఓ పౌడరు డబ్బా ఉండేది. అందులో జగదాంబలో చూసిన సినిమా సగం టిక్కెట్టు, ఎవరిదో పెన్ను క్యాపు. ఓ తెల్లవారుజామున రెండూ తెచ్చి వేన్నీళ్ల బాయిలర్లో పడేసింది. నేను నోరెత్తలేదు. మర్నాడు బూడిద ఎత్తుతుంటే క్యాపుకుండే ఇనప క్లిప్పు కాలకుండా దొరికింది. అక్క చూడకముందే కొబ్బరిచెట్టు మొదట్లో పాతేశాను.

పుస్తకం బీరువా పై అరలో ఉంది. సంక్రాంతికొచ్చినప్పుడు పట్టుకెళ్లండి.

మీ అమ్మమ్మ