హత్య కేసు ఒకవైపు, ఇల్లు ఒకవైపు: సార్జెంటు ఉద్యోగంపై అపోహలు – వాస్తవాలు

సార్జెంటు (కానిస్టేబుళ్లకు పైన, ఇన్‌స్పెక్టరుకు కింద ఉండే అధికారి) హోదా ఉన్న పోలీసు వ్యవస్థల్లో హత్య కేసు దర్యాప్తు చాలాసార్లు మరో అధికారి పేరు మీదే నడుస్తుంది. అయితే ఏ పని ఎవరికి అప్పగించాలో చూసేదీ, వచ్చిన వాంగ్మూలాలను మొదట చదివేదీ, అలసిపోయిన కానిస్టేబుల్‌ను ఇంటికి పంపాలా మరో గంట ఉంచాలా అని తేల్చేదీ సార్జెంటే. ఆ హోదాలో హత్య కేసుల మీద పనిచేసి, ఇప్పుడు ఆ హోదాలోకి కొత్తగా వచ్చేవారికి శిక్షణ ఇస్తున్నాను. దర్యాప్తు విధానం గురించి వారికి తెలియనిది తక్కువే. ఇంటి సమస్యను, కేసును ఒకేసారి మోయవలసి వచ్చినప్పుడు ఏం చేయాలన్న విషయంలో మాత్రం వారు వెంట తెచ్చుకునే నమ్మకాలు చాలావరకు తప్పు. అవి ఇంటిని ఎంత దెబ్బతీస్తాయో దర్యాప్తునూ అంతే దెబ్బతీస్తాయి.

అపోహ: హంతకుడు దొరికేదాకా సార్జెంటు ఇంటిముఖం చూడకూడదు.

వాస్తవం: ఉత్తర ఇంగ్లండ్‌లో 1975 నుంచి 1980 వరకు 13 మంది మహిళలను చంపిన పీటర్ సట్‌క్లిఫ్ కేసులో పోలీసులు కష్టపడలేదని ఎవరూ అనలేరు. అధికారులు ఏళ్ల తరబడి రాత్రింబవళ్లు పనిచేశారు. అయినా దొరకడానికి ముందు అతనిని తొమ్మిదిసార్లు ప్రశ్నించి వదిలేశారు. ఒక బృందం రాసుకున్నది మరో బృందం కంటపడకుండా కాగితపు కార్డుల దొంతరల్లో ఉండిపోయింది. దానికి తోడు 1979లో ఎవరో ఆకతాయి పంపిన నకిలీ టేపులోని యాసను నమ్మి, ఆ యాస లేనివారిని అనుమానితుల జాబితాలోంచి తప్పిస్తూ వచ్చారు. ఆ వైఫల్యం నుంచి నేర్చుకున్న పాఠంతోనే 1980ల మధ్యలో బ్రిటన్ పోలీసులు పెద్ద కేసుల సమాచారాన్ని ఒకేచోట కలిపే ‘హోమ్స్’ కంప్యూటర్ వ్యవస్థను తెచ్చుకున్నారు.

చివరికి సట్‌క్లిఫ్‌ను 1981 జనవరి 2న షెఫీల్డ్‌లో పట్టుకున్నది ఆ ప్రత్యేక దర్యాప్తు బృందం కాదు. గస్తీలో ఉన్న రాబర్ట్ రింగ్ అనే సార్జెంటు, ఆయన వెంట ఉన్న కొత్త కానిస్టేబుల్ కలిసి, సట్‌క్లిఫ్ ఉన్న కారు నంబరు ప్లేట్లు నకిలీవని గుర్తించి అతనిని అదుపులోకి తీసుకున్నారు. మూత్ర విసర్జనకని చెప్పి అతను కాసేపు చీకట్లోకి వెళ్లి వచ్చిన సంగతి మర్నాటి రాత్రి డ్యూటీకి వచ్చిన రింగ్‌కు గుర్తొచ్చింది. ఆయన తిరిగి అక్కడికి వెళ్లి వెతికితే సుత్తి, కత్తి దొరికాయి. శిక్షణలో నేను ఈ ఉదంతాన్ని తప్పకుండా చెబుతాను. ఆ ఆధారం దొరికింది షిఫ్ట్ ముగించుకుని వెళ్లి, మళ్లీ తన వేళకు డ్యూటీ ఎక్కిన మనిషికి. ఒక్కడే నిద్రాహారాలు మాని కేసును ఛేదించే వీరుడు సినిమాకు పనికొస్తాడేమో కానీ, అసలు దర్యాప్తులో అలాంటివాడి తలలో ఉన్న సమాచారం కాగితం మీదకు రాదు. అతను కుప్పకూలిన రోజున కేసు కూడా అక్కడే ఆగిపోతుంది.

అపోహ: నిద్ర లేకపోయినా అనుభవం ఉన్న అధికారి నెట్టుకొస్తాడు.

వాస్తవం: వరుసగా 17 గంటలు మేల్కొని ఉన్న మనిషి పనితీరు రక్తంలో 0.05 శాతం ఆల్కహాల్ ఉన్నవారి స్థాయికి, 24 గంటలు దాటితే సుమారు 0.10 శాతం ఉన్నవారి స్థాయికి పడిపోతుందని 1997లో ఆస్ట్రేలియా పరిశోధకులు చూపించారు. చాలా దేశాల్లో అంత మద్యంతో వాహనం నడపడమే నేరం. అలాంటి స్థితిలో సాక్షిని ప్రశ్నించడాన్ని మాత్రం మన వృత్తిలో అంకితభావం అంటారు.

అనుభవం వల్ల మనకు అలసట కనిపించదు తప్ప, అది తగ్గదు. దాని ఫలితం ఎక్కడ బయటపడుతుందో చెబుతాను. తెల్లవారుజామున మూడు గంటలకు సాక్ష్యాల గదిలో కవర్ల మీద చీటీలు అంటించేటప్పుడు సీలు నంబరులోని రెండు అంకెలు తారుమారవుతాయి, లేదా మృతుడి చొక్కా అని రాయాల్సిన చోట అనుమానితుడి చొక్కా అని పడుతుంది. ఆ రాత్రి ఎవరూ దాన్ని గమనించరు. నెలలు గడిచాక డిఫెన్స్ న్యాయవాది ఆ చీటీని న్యాయమూర్తి ముందు పెట్టి, ఈ చొక్కా ఎవరిది, ఈ రక్తం ఎవరి దుస్తుల మీదిది అని నింపాదిగా అడుగుతారు. అక్కడికి వచ్చాక ఇంట్లో పరిస్థితి బాగాలేదనో, రెండు రోజులుగా నిద్ర లేదనో చెప్పుకొన్నా దానికి విలువ ఉండదు.

అపోహ: మొదటి 48 గంటల్లో తేలకపోతే కేసు పోయినట్టే.

వాస్తవం: తొలి గంటలు విలువైనవే. సీసీ కెమెరాల దృశ్యాలు కొన్నాళ్లకు వాటంతట అవే చెరిగిపోతాయి, వాన పడితే మరకలు పోతాయి, సాక్షులు ఒకరితో ఒకరు మాట్లాడుకుని ఒకే కథకు వస్తారు. కాబట్టి ఆ రెండు రోజులు ఇంటి పనులు వాయిదా వేయమంటే అర్థం ఉంది. ఆ రెండు రోజుల హడావుడిని రెండు నెలలకు సాగదీయడమే అనర్థం. కాలిఫోర్నియాలో 1970, 80 దశకాల్లో హత్యలు, అత్యాచారాలు చేసిన జోసెఫ్ డిఏంజెలో 2018లో నేరస్థలపు డీఎన్ఏను దూరపు బంధువుల డీఎన్ఏతో పోల్చి, వంశవృక్షం ద్వారా వెతికితే దొరికాడు. అతనూ ఒకప్పుడు పోలీసే. అన్నేళ్ల తర్వాత కూడా అది సాధ్యమైందంటే నమూనాలు పనికొచ్చే స్థితిలో ఉండటమే కారణం. వాటిని అలా భద్రపరచడానికి అలసిపోని మనుషులు కావాలి. పెద్ద కేసులో సార్జెంటు మొదట ఖాయం చేయవలసింది షిఫ్టుల పట్టిక అని నేను పట్టుబట్టేది ఇందుకే.

అపోహ: పోస్టుమార్టం నివేదిక మరణ సమయాన్ని నిమిషాలతో సహా చెబుతుంది.

వాస్తవం: చెప్పదు. శరీరం చల్లబడటం, బిగుసుకోవడం, రక్తం కిందికి దిగి మరకలు కట్టడం అన్నీ పరిసరాల ఉష్ణోగ్రతను, దుస్తులను, శరీర బరువును బట్టి మారతాయి. వైద్యులు ఇచ్చేది కొన్ని గంటల వ్యవధి. ఆ వ్యవధి పెరిగేకొద్దీ ఎవరు ఎక్కడున్నారో సరిచూడవలసిన పని అన్ని రెట్లు పెరుగుతుంది. సార్జెంటు సాయంత్రాలు హరించుకుపోయేది ఈ పనిలోనే తప్ప ఛేజింగుల్లో కాదు.

అపోహ: ఇంటి గొడవను గుమ్మం దగ్గర వదిలేసి డ్యూటీకి రావడమే వృత్తిధర్మం.

వాస్తవం: ఈ మాటే అన్నిటికంటే ఎక్కువ హాని చేస్తుందని నా అభిప్రాయం. ఐక్యరాజ్యసమితి లెక్క ప్రకారం 2023లో ప్రపంచవ్యాప్తంగా ఉద్దేశపూర్వకంగా హత్యకు గురైన మహిళలు, బాలికలు సుమారు 85,000 మంది. వారిలో 51,100 మందిని చంపింది భర్తలు, సహచరులు లేదా కుటుంబ సభ్యులే. అంటే హత్య కేసు చూసే అధికారి తరచూ ఒక కాపురం శిథిలాల్లోకే అడుగుపెడతాడు. వంటగదిలో సగం కడిగిన గిన్నెలు, ఫోన్‌లో బదులు రాని సందేశాలు, పిల్లల గది తలుపు మీద అంటించిన బొమ్మలు అక్కడ ఆధారాలుగా నమోదవుతాయి. అదే వారంలో తన ఇంట్లో విడాకుల కాగితాలు నడుస్తున్న మనిషి ఆ సందేశాలను చదివితే, తనకు తెలియకుండానే ఏదో ఒక పక్షం వహిస్తాడు. భార్య మీద కోపంగా ఉన్నవాడికి మృతురాలి మాటలు రెచ్చగొట్టినట్టు కనిపిస్తాయి. అపరాధభావంలో ఉన్నవాడికి భర్త అనేవాడు మొదటి నుంచీ దోషిగానే కనిపిస్తాడు. రెండూ దర్యాప్తును దారి తప్పిస్తాయి.

కాబట్టి గొడవను గుమ్మం దగ్గర వదిలేశానని అనుకోవడం కంటే, అది నా వెంటే ఉందని ఒప్పుకుని తగిన ఏర్పాటు చేసుకోవడం మేలు. ఆ సందేశాలను మరో అధికారి కూడా విడిగా చదవాలి. ఒక అనుమానితుడిని ఎందుకు పక్కన పెట్టామో, మరొకరి వెంట ఎందుకు పడ్డామో ఆ రోజే తేదీ, సమయం వేసి నిర్ణయాల పుస్తకంలో రాయాలి. కారణం రాయబోతే కలం ఆగిపోయిందంటే, ఆ నిర్ణయం వెనుక ఉన్నది ఆధారం కాకపోవచ్చు. సొంత సమస్య మరీ దగ్గరి పోలికతో ఉంటే, ఆ భాగం నుంచి తనను తప్పించమని అడగాలి.

అపోహ: పై అధికారికి ఇంటి విషయం చెబితే చేతగానివాడనుకుంటారు.

వాస్తవం: అనుకునేవారు లేకపోలేదు. అయినా చెప్పే తీరును బట్టి చాలా మారుతుంది. ఉదయం సమావేశం అయ్యాక కానిస్టేబుల్ తలుపు దగ్గరే తచ్చాడుతూ, “సార్, ఇంట్లో కొంచెం ఇబ్బందిగా ఉంది” అని ఆగిపోతే సార్జెంటుకు ఏమీ అర్థం కాదు. “సార్, మా నాన్నగారి ఆపరేషన్ గురువారం. బుధవారం సాయంత్రం నుంచి శుక్రవారం ఉదయం దాకా నేను ఉండను. నా చేతిలో ఉన్న రెండు వాంగ్మూలాలు ఎవరికి అప్పగించమంటారు?” అని అడిగితే అది సెలవు చీటీలా కాక, పని అప్పగింతలా వినిపిస్తుంది. సార్జెంటు తన పై అధికారికి చెప్పవలసిందీ ఇలాగే. కారణం ఎంత వివరంగా చెప్పాలన్నది సార్జెంటు ఇష్టం. ఎప్పుడు ఉండడు, ఏ పని ఎవరి చేతికి పోతుంది అన్నది మాత్రం చెప్పి తీరాలి. సార్జెంటే చెప్పకుండా దాచుకునే బృందంలో కింది సిబ్బంది ఎవరూ నోరు విప్పరు.

అపోహ: కేసు గురించి ఇంట్లో పెదవి విప్పకపోవడమే ఇంటివారికి రక్ష.

వాస్తవం: కేసు వివరాలు చెప్పకూడదు, అందులో మినహాయింపు లేదు. పేర్లు, ఆధారాలు, అనుమానాలు ఇంట్లో చర్చకు రావడానికి వీల్లేదు. అయితే కేసు వివరం వేరు, దానివల్ల తన మనసుకు ఏమైందన్నది వేరు. రెండింటినీ కలిపి మూటకట్టి మౌనం వహిస్తే, ఆ మౌనానికి ఇంటివారు తమకు తోచిన అర్థం చెప్పుకుంటారు. “ఈ రోజు చూసింది చిన్నపిల్ల కేసు. నా మనసు బాగాలేదు, మీ మీద కోపం కాదు” అన్న మాటల్లో ఏ రహస్యమూ బయటపడదు. అదే చాలాసార్లు సరిపోతుంది.

అపోహ: నేరం ఒప్పుకున్నాక ఇక ఇంటికి వెళ్లిపోవచ్చు.

వాస్తవం: ఇంగ్లండ్‌లోని లెస్టర్‌షైర్‌లో 1983లో, 1986లో ఇద్దరు బాలికలు హత్యకు గురైన కేసులో 17 ఏళ్ల కుర్రాడు రెండో హత్యను తానే చేశానని ఒప్పుకున్నాడు. శాస్త్రవేత్త అలెక్ జెఫ్రీస్ చేసిన డీఎన్ఏ పరీక్ష ఆ రెండు హత్యలూ ఒకరే చేశారనీ, అది ఈ కుర్రాడు కాదనీ తేల్చింది. అసలు హంతకుడు కోలిన్ పిచ్‌ఫోర్క్ డీఎన్ఏ పరీక్ష కోసం పోలీసులు అడిగినప్పుడు తన రక్తానికి బదులు తోటి ఉద్యోగి చేత రక్తం ఇప్పించి తప్పించుకోబోయాడు. ఆ సంగతి బయటపడ్డాక 1987లో దొరికాడు, 1988లో శిక్ష పడింది. అలసిపోయిన అధికారికి, ఇంటి నుంచి పదేపదే ఫోన్లు వస్తున్న అధికారికి ఒప్పుకోలు వినగానే కేసు ముగిసిందనిపిస్తుంది. హంతకుడికి మాత్రమే తెలియవలసిన వివరాన్ని అతను తనంతట చెప్పాడా, మన ప్రశ్నలోంచి అందుకున్నాడా అని రికార్డింగ్ మొదటి నుంచి విని సరిచూసే పని అప్పుడు మొదలవుతుంది. ఆ పనిని ఆ రాత్రే, అదే మనిషి చేయవలసిన అవసరం లేదు. ఆ ప్రశ్నలు వేయని మరొకరు, నిద్రపోయి వచ్చిన మరొకరు చేయడమే ఉత్తమం.

అపోహ: పోలీసుల కాపురాలు నిలవవు.

వాస్తవం: నలుగురిలో ముగ్గురు పోలీసులు విడాకుల దాకా వెళతారన్న మాట శిక్షణ తరగతుల్లోనే వినిపిస్తుంటుంది. అమెరికా 2000 సంవత్సరపు జనగణన లెక్కలను వృత్తులవారీగా విశ్లేషించినప్పుడు విడాకులు పొందిన లేదా విడిగా ఉంటున్నవారు పోలీసు వృత్తిలో సుమారు 14.5 శాతం, మిగతా వృత్తులన్నీ కలిపి చూస్తే 17 శాతం దగ్గర ఉన్నారు. విడిపోనంత మాత్రాన ఇల్లు చల్లగా ఉందని అర్థం కాదు, ఆ సంగతి ఏ జనగణనా చెప్పలేదు. అయితే ఈ ఉద్యోగంలో కాపురం ఎలాగూ కూలేదేనని ముందే తీర్మానించుకున్నవారు దాన్ని నిలబెట్టే ప్రయత్నం కూడా చేయరు. పెళ్లిరోజుకు సెలవు అడగనివారూ, భార్యో భర్తో కౌన్సెలింగ్‌కు వెళదామంటే దాటవేసేవారూ తరచూ ఈ తప్పుడు లెక్కనే సాకుగా చెబుతారు.