వెన్నుపాము మీద బోరు నీళ్ల జాడ

నడుస్తుంటే కాలి చెప్పు జారిపోయినా తెలియదు. చొక్కా గుండీలు పెట్టుకోవడానికి వేళ్లు మాట వినవు. కాళ్లు బిగుసుకుపోయి అడుగు తడబడుతుంది. కనిగిరి, పొదిలి, దర్శి వైపు ఊళ్లలో ఇలాంటి ఇబ్బందిని వయసు మీద పడటం అని సరిపెట్టుకోకూడదు. వెన్నుపాము నలుగుతున్నప్పుడు కనిపించే లక్షణాలివి. అలా నలగడానికి ఒక కారణం ఇక్కడి నేల అడుగు నీళ్లలోనే ఉంది.

ఈ సంగతి కొత్తగా తెలిసిందేమీ కాదు. 1937లో మద్రాసు గిండీలోని కింగ్ ఇన్‌స్టిట్యూట్‌కు చెందిన షార్ట్, పండిట్, రాఘవాచారి నెల్లూరు జిల్లాలో ఫ్లోరోసిస్ గురించి, అంటే తాగే నీళ్లలో ఫ్లోరైడ్ ఎక్కువై వచ్చే జబ్బు గురించి రాశారు. 1970లో ప్రకాశం జిల్లా ఏర్పడే దాకా పైన చెప్పిన మూడు ఊళ్లూ నెల్లూరు జిల్లాలోనే ఉండేవి. 1937లోనే షార్ట్ మరికొందరితో కలిసి రాసిన ఇంకో పరిశోధనలో ఎక్స్‌రే నిపుణుడు బర్నార్డ్ భాగస్వామి. మద్రాసు జనరల్ ఆస్పత్రిలోని రేడియాలజీ సంస్థ ఆయన పేరు మీదే ఉంది. అంటే ఈ జబ్బును ఎక్స్‌రేలో చూడటం మన ప్రాంతంతో ఎప్పటినుంచో ముడిపడి ఉంది. ఇది మన వైద్య విద్యార్థులందరికీ తెలియాల్సిన చరిత్ర అని నా నమ్మకం.

గ్రానైటు లాంటి రాళ్లలోని ఖనిజాల నుంచి ఫ్లోరైడ్ నీళ్లలోకి దిగుతుంది. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. అంతకు మించిన నీళ్లు ఏళ్ల తరబడి తాగితే ఫ్లోరైడ్ ఎముకలో చేరి, కొత్త ఎముక పుట్టించే కణాలను రెచ్చగొడుతుంది. ఎముక దట్టమవుతుంది, కానీ బలపడినట్టు కాదు. వెన్నుపూసలను కలిపి ఉంచే లిగమెంట్లు కూడా మెల్లగా ఎముకలా మారతాయి. వెన్నుపాము చిటికెన వేలంత లావుండే నరాల కట్ట. అది పోయే గొట్టం లోపలి నుంచే ఇరుకైపోతే దానికి తప్పుకునే చోటు ఉండదు.

ఎమ్మారై ఈ ఇరుకును చూపిస్తుంది. ఆ మెషీన్ అయస్కాంత బలం మామూలుగా 1.5 టెస్లా, అంటే భూమి అయస్కాంత బలానికి దాదాపు 30 వేల రెట్లు. ఒంట్లోని నీళ్లలో, కొవ్వులో ఉండే హైడ్రోజన్ కేంద్రకాలు దానికి స్పందిస్తాయి. రేడియో తరంగంతో వాటిని కదిలించి, తిరిగి సర్దుకునేటప్పుడు అవి ఇచ్చే సంకేతాన్ని బొమ్మగా మారుస్తారు. నీళ్లు బాగా తెల్లగా కనిపించే రకం బొమ్మలో వెన్నుపాము బూడిద రంగు పట్టీలా, దానికి ముందూ వెనకా వెన్నుద్రవం తెల్లటి గీతల్లా ఉంటాయి. గట్టిపడిన లిగమెంటులో కదిలే నీళ్లు చాలా తక్కువ కాబట్టి అది నల్లగా ఉంటుంది. ఆ నలుపు లోపలికి చొచ్చుకొచ్చిన చోట తెల్ల గీత సన్నబడి, చివరికి మాయమవుతుంది. అక్కడే బూడిద పట్టీలో తెల్లటి మచ్చ కనిపిస్తే వెన్నుపాము ఇప్పటికే దెబ్బతిందని అనుమానించాలి. ఎముకగా మారిన భాగం మందం కచ్చితంగా తెలియాలంటే సీటీ స్కానే మెరుగు.

అయితే స్కాన్ ఎక్కడ నొక్కుతోందో చెబుతుంది గానీ, ఎందుకు నొక్కుతోందో చెప్పదు. లిగమెంట్లు ఎముకగా మారడం ఫ్లోరైడ్‌తో సంబంధం లేకుండా కూడా జరుగుతుంది. జపాన్‌లో అది బాగా తెలిసిన జబ్బు. అందుకే రిపోర్టులో అరుగుదల అని రాసి నొప్పి మాత్రలతో పంపిస్తే అసలు కారణం మరుగున పడిపోతుంది. అదే ఇంట్లో మిగతావాళ్లు అవే నీళ్లు తాగుతూ ఉంటారు. నాకు బాధ కలిగించేది ఇదే. ముంజేతి ఎక్స్‌రే ఒకటి తీస్తే చాలాసార్లు గుట్టు బయటపడుతుంది. ముంజేతిలోని రెండు ఎముకల మధ్య పొర గట్టిపడి కనిపించడం ఫ్లోరోసిస్‌కు బలమైన గుర్తు. దానికి ఎమ్మారై అంత ఖర్చూ ఉండదు. మూత్రంలో, తాగే నీళ్లలో ఫ్లోరైడ్ ఎంతుందో పరీక్షిస్తే అనుమానం దాదాపు తీరిపోతుంది.

ఆపరేషన్ చేసి వెనక ఎముకను తొలగిస్తే వెన్నుపాముకు చోటు దొరుకుతుంది. కానీ ఎముక బాగా గట్టిగా ఉండటం, లిగమెంటు వెన్నుపాము పైపొరకు అతుక్కుపోవడం వల్ల సర్జన్‌కు అది కష్టమైన పని. ఆలస్యమైన కొద్దీ కాళ్లలో బలం తిరిగి రావడం కష్టమవుతుంది. గడ్డం ఛాతీకి ఆనకపోయినా, మోకాళ్లు వంచకుండా కాలివేళ్లను అందుకోలేకపోయినా అప్పుడే చూపించుకోవాలి, చెప్పు జారేదాకా ఆగకూడదు.

కొందరు నీళ్లు కాచి తాగితే సరిపోతుందనుకుంటారు. కాచితే ఆవిరయ్యేది నీళ్లే, ఫ్లోరైడ్ అందులోనే ఉండి ఇంకాస్త చిక్కబడుతుంది. మామూలు క్యాండిల్ ఫిల్టర్ కూడా దాన్ని ఆపదు. ఆర్వో తగ్గిస్తుంది, కానీ తాగడానికి ఆర్వో నీళ్లు తెచ్చుకుని అన్నం, పప్పు, టీ బోరు నీళ్లతోనే కాస్తే ఫ్లోరైడ్ ఒంట్లోకి పోతూనే ఉంటుంది. స్కాన్‌కు వెళ్లేటప్పుడు పాత రిపోర్టులతో పాటు ఇంట్లో ఏ బోరు నీళ్లు, ఎన్నేళ్లుగా వాడుతున్నారో కూడా డాక్టరుకు చెప్పండి, ఆయన అడగకపోయినా సరే.