గాలి తుపాకిలో ఆయిల్ ఇంజను

నెల్లూరు జిల్లా కలిగిరి దగ్గర మెట్ట సేద్యం చేసుకునే నా పాత విద్యార్థి ఒకడు పోయిన వారం ఫోన్ చేశాడు. "సార్, చిన్న ఎయిర్ గన్ ఒకటి కొందామనుకుంటున్నా. పొట్టిగా ఉండాలి, బండి మీద పెట్టుకుని చేనుకు పోయేట్టుండాలి. ఊరికే రిపేరుకు రాకూడదు. పెసర చేలో చెవులపిల్లులు పడుతున్నాయి, కౌజులు కూడా దిగుతున్నాయి. ఏది తీసుకోమంటారు?" అన్నాడు.

చెవులపిల్లి సంగతి ముందే తేల్చేశాను. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద కుందేలును కొట్టినా కౌజును కొట్టినా కేసే. మందు తుపాకితో కొట్టావా, గాలి తుపాకితో కొట్టావా అని చట్టం చూడదు. బ్రిటన్‌లో కుందేళ్ళను, అమెరికాలో ఉడతలను ఎయిర్ రైఫిల్‌తో వేటాడటానికి అనుమతి ఉంది. చిన్న వేటకు ఏ తుపాకి మంచిదని మన ఫోన్లలో కనపడే సలహాలన్నీ ఆ దేశాలవే. రాముడు వీపు నిమిరిన ఉడతను మన దగ్గర ఎవరు కొడతారు? ఇక కయ్యల్లో ఎలుకలంటావా, పొగకుండ పట్టుకుని గట్టు వెంట నడిచే యానాది ఒక్కడు పూటలో ఖాళీ చేసినన్ని బొరియలను ఏ తుపాకీ ఖాళీ చేయలేదు. కాబట్టి కొనుక్కో, డబ్బాలు కొట్టు, గురి నేర్చుకో అన్నాను. వాడు కాసేపు మాట్లాడలేదు. తర్వాత "సరే సార్, అలాగే. మరి పాడు కానిది ఏది?" అన్నాడు.

ఈ రెండో ప్రశ్న నన్ను వదల్లేదు. గాలి తుపాకి ఎందుకు పాడవుతుందో తెలియాలంటే అది ఎలా పేలుతుందో తెలియాలి. దాన్ని చాలామంది తప్పుగా ఊహించుకుంటారు.

గాలి తుపాకుల్లో ఒక రకం స్ప్రింగు తుపాకి. అందులో గాలి ముందుగా నింపి ఉండదు. గొట్టం మడిచి స్ప్రింగు ఎక్కించాక కూడా లోపల ఉన్నది మనం పీల్చే మామూలు గాలే. ట్రిగ్గర్ నొక్కాక స్ప్రింగు పిస్టన్‌ను ముందుకు తోస్తుంది, పిస్టన్ తన ముందున్న గాలిని నొక్కుతుంది, ఆ గాలి చిన్న రంధ్రం గుండా దూరి పెల్లెట్ అనే చిన్న సీసపు గుండు వెనక తగులుతుంది. పిస్టన్ అడ్డుకొలత 25 మిల్లీమీటర్లు, అది పరిగెత్తే దూరం 80 మిల్లీమీటర్లు అనుకుందాం. అందులో పట్టే గాలి దాదాపు 39 ఘన సెంటీమీటర్లు, అంటే చిన్న టీ గ్లాసులో సగం కూడా కాదు. ఆ గాలి బరువు సుమారు 45 మిల్లీగ్రాములు. పెల్లెట్ బరువు 550 మిల్లీగ్రాములు. తనకంటే పన్నెండు రెట్లు బరువున్న సీసాన్ని ఈ కాస్త గాలి సెకనుకు రెండు వందల మీటర్ల పైబడిన వేగంతో ఎలా విసురుతుంది?

సైకిల్ పంపు మూతిని బొటనవేలితో మూసి గట్టిగా కొట్టి చూడండి. పంపు అడుగుభాగం చుర్రుమంటుంది. అది రాపిడి వల్ల పుట్టిన వేడి అని చాలామంది అనుకుంటారు. రాపిడి కొంత ఉంటుంది గానీ అసలు వేడి గాలిదే. గాలిని నొక్కడానికి మనం చేసిన పని ఎక్కడికీ పోదు, గాలిలోనే వేడిగా చేరుతుంది. మెల్లగా నొక్కితే ఆ వేడి గోడల్లోంచి బయటికి జారుకుంటుంది. తుపాకిలో పిస్టన్ పరుగు సెకనులో సుమారు నూరో వంతులో ముగుస్తుంది. వేడికి పారిపోయే తీరిక ఉండదు.

ఇప్పుడు లెక్క చూద్దాం. గాలిని ఇరవయ్యో వంతుకు నొక్కామనుకోండి. మెల్లగా నొక్కితే పీడనం ఇరవై రెట్లవుతుంది, అంతే. వేడి బయటికి పోకుండా నొక్కితే పీడనం 20ని 1.4 ఘాతానికి పెంచినంత, అంటే 66 రెట్లు. ఉష్ణోగ్రత, పరమ సున్నా (మైనస్ 273 డిగ్రీలు) నుంచి కొలిచినప్పుడు, 20ని 0.4 ఘాతానికి పెంచినంత, అంటే 3.3 రెట్లు. 27 డిగ్రీల గాలి 300 కెల్విన్లు కదా, అది 990 దాటుతుంది. సెల్సియస్‌లో 720 డిగ్రీలు! గోడలు కొంత వేడిని లాగేస్తాయి కాబట్టి నిజం తుపాకిలో ఇంతకంటే తగ్గుతుంది. అయినా అసలు విషయం మారదు. పెల్లెట్‌ను తోసే పీడనంలో చాలా భాగం ఈ వేడి పెట్టిన భిక్షే. పేరుకు గాలి తుపాకి గానీ, అది వేడి గాలి తుపాకి.

ఈ వేడి మన పొలాల్లో మూడు తరాలుగా పని చేస్తూనే ఉంది. బావి గట్టున ఆయిల్ ఇంజను గుర్తుందా? లివర్ ఎత్తిపెట్టి హ్యాండిల్ గిరగిరా తిప్పి, ఊపు రాగానే లివర్ పడేస్తే డబడబమని అందుకునేది. అందులో నిప్పురవ్వ పుట్టించే ప్లగ్గు లేదు. పిస్టన్ గాలిని పదహారు నుంచి ఇరవయ్యో వంతుకు నొక్కుతుంది, వేడెక్కిన గాలి మీద డీజిల్ తుంపర పడుతుంది, అంటుకుంటుంది. మన ఎయిర్ గన్‌లో సిలిండరు, పిస్టన్, నొక్కుడు అన్నీ అవే. డీజిల్ ఒక్కటే లేదు.

లేదని మనం అనుకుంటాం. చిన్నప్పుడు మా ఊళ్ళో ఒక పెద్దాయనకు గాలి తుపాకి ఉండేది. దసరాకు ఆయుధ పూజలో నాగలి, కొడవలి, మోటారుతో పాటు దానికీ పసుపు కుంకుమ పెట్టి, శుభ్రంగా ఉండాలని గొట్టంలోకి నూనె ధారగా పోశారు. పూజ అయ్యాక పేలిస్తే ఎన్నడూ లేని శబ్దం! గొట్టం కొసన నీలిపొగ వచ్చింది. రోజూ రేకు డబ్బాకు సొట్ట పెట్టే పెల్లెట్ ఆ రోజు డబ్బాలోంచి దూసుకుపోయింది. అందరూ దణ్ణం పెట్టారు, అమ్మవారి శక్తి వచ్చిందన్నారు. మళ్ళీ మళ్ళీ నూనె పోసి పేల్చారు. మూడో రోజు స్ప్రింగు విరిగింది. అప్పుడు దిష్టి తగిలిందన్నారు.

శక్తి వచ్చిన మాట నిజం. నూనె అంటుకుని తుపాకి రెండు క్షణాలు ఆయిల్ ఇంజనైంది. అయితే ఆయిల్ ఇంజనుకు ఆ దెబ్బ తట్టుకునే ఇనుప దిమ్మె ఉంది, తుపాకికి లేదు. పిస్టన్ ఇంకా ముందుకు వస్తూండగానే ఎదురుగా మంట లేచి దాన్ని వెనక్కి విసిరింది. ఆ కుదుపులే స్ప్రింగు ప్రాణం తీశాయి. పదో తరగతి పిల్లలకు ఈ కథ చెప్పినప్పుడల్లా వెనక బెంచీలో నిద్రపోయేవాడు కూడా తల ఎత్తేవాడు. సైకిల్ పంపు ఒకటి క్లాసుకు తెస్తే అర్థమయ్యే పాఠాన్ని, 'పీవీ టు ది పవర్ గామా' అని బట్టీ పట్టించి వదిలేస్తున్నాం. నాకు ఇది ఇప్పటికీ బాధే.

ఇంకో ముచ్చట. గట్టి స్ప్రింగు తుపాకుల్లో మామూలు రోజున కూడా రవంత నూనె ఆవిరి ప్రతి దెబ్బకూ కాలుతూనే ఉంటుంది. బ్రిటన్‌లో కొందరు తుపాకిని నైట్రోజన్‌లో పేల్చి చూశారు. ఆక్సిజన్ లేకపోయేసరికి పెల్లెట్ వేగం బాగా పడిపోయింది.

రిపేరు రాకుండా చూసుకోవడం ఇక్కడి నుంచే తేలుతుంది. పిస్టన్ ముందు భాగంలోకి నూనె పోనివ్వకూడదు. కొబ్బరి నూనె, మిషన్ ఆయిల్ ఏదీ వద్దు. పాతకాలపు తోలు వాషర్ ఉన్న తుపాకికి మాత్రం తోలు ఎండిపోకుండా అప్పుడప్పుడు ఒకటి రెండు చుక్కలు కావాలి. ఇప్పటి సింథటిక్ సీలుకు అదీ అక్కర్లేదు. స్ప్రింగు మీద మాలిబ్డినం గ్రీజు పలచగా రాస్తే ఏళ్ళ తరబడి ఉంటుంది. తుడవాల్సింది పైభాగం. కావలి, ఇస్కపల్లి వైపు సముద్రపు గాలికి ఇనుము వారంలో ఎర్రబడుతుంది. చేతి చెమట తుడిచి నూనె గుడ్డతో రుద్దాలి. నూనె అక్కడే, లోపల కాదు.

పెల్లెట్ లేకుండా ఉత్త తుపాకి పేల్చడం దానికి ఇంకో శత్రువు. పెల్లెట్ అడ్డుగా ఉన్నప్పుడు, నొక్కుకుపోయిన గాలే పిస్టన్‌కు దిండులా పనిచేస్తుంది. పిస్టన్ చివరి గోడకు కొట్టుకోకుండా ఆ దిండు మీద ఆగి కొంచెం వెనక్కి తుళ్ళుతుంది. పెల్లెట్ లేకపోతే గాలి బయటికి పోతుంది, దిండు లేదు, ఇనుము ఇనుముకు తగులుతుంది. పిల్లలు ఊరికే టప్ టప్‌మని పేలుస్తారే, అది సుత్తితో కొట్టడమే.

ఇక పొట్టిదనం. గొట్టం పొడవైతే దెబ్బ గట్టిదనేది మందు తుపాకి నుంచి వచ్చిన నమ్మకం. స్ప్రింగు తుపాకిలో ఉన్నదే చారెడు గాలి. పెల్లెట్ తన వేగమంతా మొదటి జానెడు గొట్టంలోనే దాదాపుగా అందుకుంటుంది. మిగతా పొడవు వల్ల లాభం చేతికి, ఎందుకంటే గొట్టం మడిచి స్ప్రింగు ఎక్కించేటప్పుడు అదే మీట. ఏతం తొక్కినవాళ్ళకు చెప్పక్కర్లేదు, వాసం పొడవైతే బరువు తేలిక. 40 సెంటీమీటర్ల మీటను 30కి తగ్గిస్తే అదే స్ప్రింగును ఎక్కించడానికి మూడో వంతు ఎక్కువ బలం పెట్టాలి. అంటే పొట్టి తుపాకి కావాలనుకుంటే స్ప్రింగు కూడా మెత్తనిది ఎంచుకోవాలి. అందులో నష్టం లేదు. స్ప్రింగులో దాచిన శక్తిలో పెల్లెట్‌కు చేరేది సుమారు మూడో వంతే. మిగతాది వేడికి, కుదుపుకు పోతుంది. స్ప్రింగు గట్టిదైన కొద్దీ కుదుపు పెరుగుతుంది, గురి చెడుతుంది.

అందుకే పెట్టె మీద సెకనుకు వెయ్యి అడుగులు, పన్నెండు వందల అడుగులు అని రాసిన అంకెలు చూసి మోసపోవద్దు. తుపాకి రాముడి కోతలు అవి. అతి తేలిక పెల్లెట్ వేసి కొలిచిన వేగాలు. శబ్ద వేగం దగ్గరికి వెళ్ళిన పెల్లెట్ తూలుతుంది. జర్మనీలో లైసెన్సు లేకుండా అమ్మే తుపాకుల శక్తి పరిమితి 7.5 జౌళ్ళు. ఇంగ్లండ్‌లో 16.3 జౌళ్ళు, అక్కడి కుందేలు వేటగాళ్ళు దానితోనే ముప్పై మీటర్ల లోపు తలకు గురిపెట్టి పని కానిస్తారు. మన దేశంలో 2016 ఆయుధ నియమాల ప్రకారం శక్తి 20 జౌళ్ళు దాటినా, గొట్టం లోపలి అడ్డుకొలత 4.5 మిల్లీమీటర్లు దాటినా లైసెన్సు కావాలి. కాబట్టి వాళ్ళు వేటకు మెచ్చుకునే 5.5 సైజును మనం పక్కన పెట్టాల్సిందే.

మిగతా రకాలు క్లుప్తంగా. ముందే గాలి నింపుకునే పీసీపీ తుపాకికి కుదుపు ఉండదు, గురి అద్భుతం. కానీ 200 అట్మాస్ఫియర్ల గాలి నింపే పంపో సిలిండరో వెంట ఉండాలి, లోపలి రబ్బరు రింగులకు మన దుమ్ము పడదు. ఇది కొత్తదేం కాదు, 1780 ప్రాంతంలోనే ఆస్ట్రియా సైన్యం జిరాండోని అనే ఆయన చేసిన గాలి తుపాకి వాడింది. దాని తొట్టి నింపడానికి పంపు దాదాపు 1500 సార్లు కొట్టాలి! స్ప్రింగు బదులు నైట్రోజన్ గొట్టం ఉన్నదీ దొరుకుతుంది, కారు డిక్కీ తలుపును ఎత్తిపట్టుకునే కడ్డీ లాంటిది. ఎక్కించి మరచిపోయినా అది స్ప్రింగులా సాగిలపడదు. కానీ లీకైతే పల్లెలో బాగుచేసేవాడు లేడు.

కార్బన్ డయాక్సైడ్ బుల్లి సిలిండరుతో నడిచేది మాత్రం నెల్లూరు ఎండకు వద్దే వద్దు. 20 డిగ్రీల దగ్గర ఆ సిలిండరులో ద్రవం, దాని పైన ఆవిరి కలిసి ఉంటాయి, పీడనం 57 అట్మాస్ఫియర్లు. వాయువు కొంత వాడుకోగానే ద్రవం మరిగి ఆ లోటు పూడ్చేస్తుంది, అందుకే ప్రతి దెబ్బా ఒకేలా ఉంటుంది. 31 డిగ్రీలు దాటాక కార్బన్ డయాక్సైడ్‌లో ద్రవం, వాయువు అనే తేడాయే చెరిగిపోతుంది. ఆపైన వేడి పెరిగిన కొద్దీ పీడనం నిటారుగా ఎక్కుతుంది. మనకు చైత్రం నుంచి పొద్దెక్కేసరికే 31 దాటుతుంది.

పెల్లెట్ ఆకారం గమనించారా? బుడబుక్కలవాడి చేతిలోని డమరుకమే. నడుము సన్నం, వెనక పావడాలా బోలు. వెనక తగిలిన గాలికి ఆ పావడా విచ్చుకుని గొట్టాన్ని మూసేస్తుంది, గాల్లో పోయేటప్పుడు అదే బాణానికి ఈకలా వెనక్కి లాగి ముక్కును ముందుకు నిలుపుతుంది. అది సీసం కాబట్టి ముట్టుకున్న చేత్తో అన్నం తినకూడదు. వెనక మట్టిగట్టు లేనిదే పేల్చకూడదు, తప్పిన పెల్లెట్ రెండు మూడు వందల మీటర్లు పోగలదు.

పట్టుకోవడంలో ఒక కిటుకు ఉంది. పెల్లెట్ గొట్టం దాటకముందే పిస్టన్ తుపాకిని మొదట వెనక్కి, తర్వాత ముందుకి కుదిపేస్తుంది. బిగించి పట్టుకుంటే ప్రతిసారీ ఒక్కో రకంగా అడ్డుపడతాం. చంటిబిడ్డ తలకింద చెయ్యి పెట్టినట్టు, అరచేతిలో ఊరికే ఆనించి, దాని కుదుపు దాన్ని కుదపనివ్వాలి.

చివరికి 4.5 సైజు, సింథటిక్ సీలు, మెత్తని స్ప్రింగు ఉన్న పొట్టి తుపాకి తీసుకోమన్నాను. నిన్న మళ్ళీ ఫోన్ చేశాడు. నెల్లూరులో కొన్నాడట. షాపతను నూనె సీసా ఉచితంగా ఇచ్చి, వారానికోసారి గొట్టంలో నాలుగు చుక్కలు వేయమన్నాడట. గొట్టం మడిచే కీలు దగ్గర ఒక్క చుక్క వేసి, మిగతాది సైకిల్ చెయినుకు వాడుకోమన్నాను.