యుద్ధాలు జరిగిన చోట్లు: నెల్లూరు, ప్రకాశం వైపు వినిపించే అపోహలు - వాస్తవాలు

మా వైపు పాత కోటలు, శాసనాలు, వీరగల్లులు (చనిపోయిన వీరుల గుర్తుగా నిలిపిన రాళ్ళు) తిప్పి చూపించడం నా పని. కాలేజీ పిల్లలొస్తారు, సెలవులకి సొంతూరొచ్చిన కుటుంబాలొస్తాయి. ఎవరొచ్చినా కొన్ని మాటలు మాత్రం తప్పకుండా వినపడతాయి.

అపోహ: అద్దంకి శాసనం గొప్పదనమంతా పద్యంలోనే ఉంది.

వాస్తవం: అది యుద్ధం గెలిచినవాళ్ళు వేయించుకున్న రాయి. పండరంగడి శాసనం, తరువోజ ఛందస్సు, క్రీ.శ. 848 అని పరీక్షలకి చదివినవాళ్ళు గడగడా చెప్పేస్తారు. ఇంతకీ అందులో ఏముందంటే ఆగిపోతారు. తూర్పు చాళుక్య రాజు గుణగ విజయాదిత్యుడు పట్టం కట్టుకున్న ఏడాదే తన సేనాని పండరంగణ్ణి సామంతుల్ని వెంటిచ్చి పంపాడు. అతను పన్నెండు బోయ కొట్టాల్ని, అంటే బోయల స్థావరాల్ని, పట్టుకున్నాడు, కట్టెపు దుర్గాన్ని నేలమట్టం చేశాడు, కందుకూరుని బెజవాడంతటి ఊరుగా చేశాడు. పద్యం చెప్పేది ఇదీ. ఆ కొట్టాల్లో ఉన్నవాళ్ళు ఓడిపోయాక ఎటు పోయారో, ఎంతమంది మిగిలారో ఈ రాయి చెప్పదు. నేను పిల్లల చేత పద్యం పైకి చదివించి, కోట పడిపోయిన చోట ఆపి, "అప్పుడు లోపల ఎవరున్నారు?" అని అడుగుతాను. అంతవరకూ గణాలు లెక్కపెడుతున్న పిల్లలు ఒకరి మొహం ఒకరు చూసుకుంటారు. మన భాషకి ఇంత పాత పద్యం ఉందని గర్వపడాల్సిందే. కానీ ఆ గర్వంలో ఓ దండయాత్రని ఛందస్సు పాఠం చేసేశాం, అదే నాకు బాధ.

అపోహ: కాటమరాజు కథ గొల్లల పాట, చరిత్ర కాదు.

వాస్తవం: పాటలో కల్పన ఉంది, నిజమే. చిలక చచ్చిపోయిందనీ, ఆ పగతో ఆవుల్ని చంపించారనీ వచ్చే ఘట్టాలు కథకులు పెంచుకున్నవి కావచ్చు. వాటి కింద ఉన్న గొడవ మాత్రం పశువులు మేపుకునే ప్రతివాడికీ అర్థమయ్యేదే. కరువొచ్చింది. గొల్లల నాయకుడు కాటమరాజు మందలు గడ్డి వెతుక్కుంటూ నెల్లూరు రాజు మనుమసిద్ధి బీళ్ళలోకి వచ్చాయి. పుల్లరి, అంటే మేత పన్ను, కింద కోడెదూడల్ని ఇస్తామని ఒప్పందం. అది చెడింది, పాలేటి ఒడ్డున కత్తులు దూశారు. కవి తిక్కనకి వరుసకి అన్నదమ్ముడైన ఖడ్గ తిక్కన ఆ పోరులోనే పోయాడని కథ. ఇక్కడ నన్ను కదిలించేది ఒకటుంది. ఖడ్గ తిక్కన మీద చాటుపద్యాలు చదువుకున్నవాళ్ళ నోట నిలిచాయి. యుద్ధభూమి నుంచి వెనుదిరిగొచ్చిన మొగుడికి భార్య స్నానానికి మంచం అడ్డం పెట్టి, పసుపు ముద్ద ఉంచిందన్న ముచ్చట ఎవరినడిగినా చెబుతారు. అవతలి పక్షమైన గొల్లల సంగతి మాత్రం ఈ కథ పాడే కొమ్ములవాళ్ళు రాత్రుళ్ళు మేలుకుని పాడితేనే మనదాకా వచ్చింది. అద్దంకి బోయలకి ఆపాటి పాట కూడా దక్కలేదు. అందుకే దీన్ని పుక్కిటి పురాణమని ఎవరైనా కొట్టిపారేస్తే నేను ఊరుకోను. పాడేవాళ్ళు మీ ఊళ్ళో ఇంకా ఉంటే, కూర్చోబెట్టి, వాళ్ళకివ్వాల్సింది ఇచ్చి, ఫోన్లో మొత్తం రికార్డు చేయండి.

అపోహ: ఉదయగిరి కొండ మీద గుప్తనిధులున్నాయి.

వాస్తవం: దుర్గం కోసం శ్రీకృష్ణదేవరాయలు ఒడిశా గజపతులతో ఏడాదిన్నర పోరాడి 1514లో గెలిచాడు. అక్కణ్ణుంచి ఆయన తీసుకెళ్ళిందేమిటో అందరికీ తెలుసు: బాలకృష్ణుడి విగ్రహం. హంపిలో దానికోసం గుడి కట్టించాడు. ఇప్పుడా విగ్రహం చెన్నై మ్యూజియంలో ఉంది. యుద్ధం ఇక్కడ, గుడి అక్కడ, దేవుడు ఇంకోచోట. నిధి ఆశతో గోడలు, గర్భగుళ్ళు తవ్వేవాళ్ళు మిగిలిన ఆ కాస్త సాక్ష్యాన్నీ చెరిపేస్తున్నారు.

అపోహ: ప్రపంచ యుద్ధాలకీ మనకీ సంబంధం లేదు.

వాస్తవం: 1914 సెప్టెంబరులో జర్మన్ల ఎండెన్ నౌక మద్రాసు మీద గుండ్లు పేల్చింది. 1942 ఏప్రిల్ 6న విశాఖ, కాకినాడల మీద జపాన్ బాంబులు పడ్డాయి. ఆ రెంటికీ మధ్యనున్నది మన తీరమే. ఇంట్లో ట్రంకుపెట్టె అడుగున తాతయ్య పతకమో, డిశ్చార్జి కాగితమో ఉందేమో పెద్దవాళ్ళని అడగండి.

అపోహ: ఊరి బయట కత్తి పట్టుకున్న బొమ్మ రాయి ఏదో గ్రామదేవత.

వాస్తవం: చాలాసార్లు అది వీరగల్లు, చనిపోయిన ఓ మనిషి గుర్తు. కింది అరలో పోరు, మధ్యలో వీరుణ్ణి పైకి తీసుకెళ్ళే అప్సరసలు, పైన శివలింగం ముందు కూర్చున్న వీరుడు, ఇలా అరలు అరలుగా చెక్కిన రాయైతే ఇక అనుమానమే అక్కర్లేదు. అందరూ రాజుల యుద్ధాల్లో పోయినవాళ్ళే కాదు. ఆవుల మందని దొంగలు తోలుకుపోతుంటే అడ్డుపడినవాళ్ళున్నారు, పులితో కలబడినవాళ్ళున్నారు. పేరు మరిచిపోయినా పసుపు, కుంకుమ పెడుతున్నారంటే ఆ ఊరు అతణ్ణి పూర్తిగా వదిలేయలేదన్నమాట. ఆ మొక్కుని నేనెప్పుడూ తప్పుపట్టను. ఎనామిల్ రంగు మాత్రం వేయొద్దని చేతులు జోడించి అడుగుతాను. రంగు మీద రంగు పడితే అక్షరాలు పూడిపోతాయి. వాటిని గీకి తీయబోతే రాయి పెచ్చులూడుతుంది. అక్షరాలు కనిపిస్తే పొద్దున్నేగానీ సాయంత్రంగానీ ఎండ పక్కనుంచి పడేటప్పుడు ఫోటో తీయండి. నడినెత్తిన ఎండున్నప్పుడు కనపడని గీతలు అప్పుడు తేలతాయి. ఆ ఫోటోని ఊరి పేరు, రాయి ఉన్న చోటు రాసి పురావస్తు శాఖవాళ్ళకి పంపండి.