రంగు, వెలుగు, ఆక్సిజన్

బుజ్జీ, చింటూ,

క్యాన్సర్‌కి రంగు మందు ఎక్కించాక కొన్ని వారాలు ఎండలోకి రావొద్దంటారట, ఎందుకు తాతయ్యా అని మొన్న అడిగారు కదా. ఫోన్లో చెబితే సగమే అర్థమవుతుందని ఉత్తరం రాస్తున్నాను. ఆ రంగు మందు కణితిలో చేరాక దానిమీద లైటు వేసి క్యాన్సర్ కణాలను చంపుతారు; ఈ చికిత్సను ఫోటోడైనమిక్ థెరపీ అంటారు.

సుమారు 1900 నాటి మాట. జర్మనీలోని మ్యూనిక్‌లో ఆస్కార్ రాబ్ అనే వైద్య విద్యార్థి ఆక్రిడిన్ అనే రంగు కలిపిన నీళ్లలో పారమీషియాలనే ఒకే కణం ఉన్న చిన్న జీవులను వదిలి, ఎంతసేపటికి చస్తాయో చూసేవాడు. అదే రంగు, అదే మోతాదు. అయినా ఒకరోజు త్వరగా చచ్చాయి, ఇంకోరోజు చాలాసేపు బతికాయి. తేడా ఎక్కడా అని వెతికితే, అవి బతికిన రోజు ఉరుములతో మబ్బు పట్టి గదిలో వెలుతురే లేదు. ఆ చిన్న తేడాను అతను వదిలేయకపోవడం మన అదృష్టం.

నాకు బాగా ఇష్టమైన సంగతి దీని తర్వాతది. రంగూ వెలుగూ రెండూ ఉన్నా ఆక్సిజన్ లేకపోతే ఏమీ జరగదని 1904 నాటికి అతని గురువు హెర్మన్ ఫాన్ టాపైనర్, ఆయన సహచరుడు తేల్చారు. రంగు వెలుగును పీల్చుకుని, ఆ శక్తిని పక్కనున్న ఆక్సిజన్‌కి ఇస్తుంది. మనం రోజూ పీల్చే ఆ ఆక్సిజనే అప్పుడు కణాల పొరలనూ ప్రోటీన్లనూ పాడుచేస్తుంది. అలా మారినదాన్ని సింగ్లెట్ ఆక్సిజన్ అంటారు. నీళ్లలో అది ఉండేది కొద్ది మైక్రోసెకన్లే, కాబట్టి పుట్టిన చోటు దాటి పెద్దగా పోలేదు.

చిక్కంతా కణితి లోపల ఉంది. కణితి పెరిగినంత వేగంగా దానికి రక్తనాళాలు సరిగ్గా ఏర్పడవు. 1955లో ఇంగ్లండులో థామ్లిన్సన్, గ్రే ఊపిరితిత్తుల కణితులను పరిశీలించి, రక్తనాళం నుంచి ఆక్సిజన్ సుమారు 150 మైక్రాన్ల దాకానే అందుతుందని లెక్కగట్టారు. అంటే మిల్లీమీటరులో దాదాపు ఏడో వంతు! ఆ హద్దు దగ్గర అరకొర ఆక్సిజన్‌తో బతికే కణాల్లో రంగు చేరినా, వాటిమీద లైటు పడినా, అవి తప్పించుకుంటాయి. పైగా ఈ చికిత్స ఉన్న ఆక్సిజన్‌ని కూడా వాడేస్తుంది. లైటు మరీ గట్టిగా వేస్తే, రక్తం కొత్తది తెచ్చేలోపే ఉన్నది అయిపోతుంది. అందుకే లైటు తగ్గించి ఎక్కువసేపు వేయడం, మధ్యలో ఆపి మళ్లీ వేయడం లాంటి పద్ధతులు ప్రయత్నించారు.

ఇక మీ ప్రశ్న. 1993లో కెనడాలో అనుమతి వచ్చిన ఫోటోఫ్రిన్ లాంటి రంగు మందు కొన్ని వారాలు చర్మంలోనూ ఉండిపోతుంది. చర్మానికి ఆక్సిజన్ ఎలాగూ అందుతూనే ఉంటుంది. ఇక తక్కువైంది వెలుగు ఒక్కటే. అందుకే ఆ మందు ఎక్కించుకున్నవాళ్లు కిటికీ తెరలు వేసుకుని ఇంట్లోనే ఉంటారు.

మీ తాతయ్య